నడుం ఆపరేషన్ అయ్యాక కూర్చోవడం, చీర కట్టుకోవడం

మొన్న మా వీధిలో ఒకావిడ నడుం ఆపరేషన్ చేయించుకుని ఇంటికొచ్చింది. చూడ్డానికి వెళ్తే, "ఆపరేషన్ బాగానే అయింది వదినా, ఎలా కూర్చోవాలో, బట్ట ఎలా కట్టుకోవాలో తెలియక చస్తున్నాను" అని కళ్ళనీళ్ళు పెట్టుకుంది. నాకు నా అవస్థే గుర్తొచ్చింది.

2015 గోదావరి పుష్కరాలు వెళ్ళిన ఏడాదే, వెన్నుపూసల మధ్య బిళ్ళ జారి నరాన్ని నొక్కుతోందని నాకూ ఆపరేషన్ చేసేరు. "వంగకండి, బరువులెత్తకండి, నడుం మెలితిప్పకండి" అని చెప్పి పంపేరు. సరేనన్నాను. బిందె ముట్టుకోలేదు, చీపురు పట్టలేదు. మూడోవారంలో రాజమండ్రిలోనే మా ఆడపడుచు కూతురి పెళ్ళి. పట్టుచీర కట్టుకుని అద్దంలో చూసుకుంటే కింద కుచ్చిళ్ళు ఎగుడుదిగుడుగా ఉన్నాయి. వంగి సవరించుకున్నాను, అంతే! పిరుదు నుంచి మడమ దాకా పాత నొప్పి జివ్వున లాగింది. పెళ్ళి మాట దేవుడెరుగు, మళ్ళీ ఆపరేషనంటారేమోనని పదిహేను రోజులు నిద్రలేదు. అక్కర్లేదన్నారు గనుక బతికిపోయాను. వంగొద్దంటే మనకి బిందెలూ గంగాళాలూ గుర్తొస్తాయి గానీ కుచ్చిళ్ళు గుర్తురావు కదండీ!

1960లలో స్వీడన్‌లో నాకెమ్సన్ అనే డాక్టరు మనుషుల వెన్నుబిళ్ళలోకి సూది పంపి, ఎలా ఉంటే ఎంత ఒత్తిడి పడుతుందో కొలిచేరు. పడుకుంటే బాగా తక్కువ, కూర్చుని ముందుకు వంగితే బాగా ఎక్కువ. తర్వాతివాళ్ళ కొలతల్లో కొన్ని అంకెలు మారేయి గానీ ఈ సంగతి మారలేదు.

మరి మన పనులన్నీ నేలమీదే. కత్తిపీట, పూజపీట, ముగ్గు. డాక్టరుగారు సరేననేదాకా వీటికి దణ్ణం పెట్టెయ్యండి. పడక్కుర్చీ, మెత్తటి సోఫా, నవారు మంచం కూడా వద్దు, నడుం గుంటలో దిగిపోతుంది. చేతులున్న గట్టి కుర్చీ కావాలి. పాదాలు నేలకి ఆనాలి, మోకాళ్ళు తుంటికంటే పైకి లేవకూడదు. తువ్వాలు చుట్టి నడుం వంపులో పెట్టుకోండి. అరగంట లోపే లేచి నాలుగడుగులు వెయ్యండి. లేచేటప్పుడు కుర్చీ అంచుకి జరిగి, చేతులమీద బలం పెట్టి లేవాలి. ఆటో ఎక్కేటప్పుడు ముందు వెనక్కి కూర్చుని, ఆ తర్వాత రెండు కాళ్ళూ ఒక్కసారే లోపలికి తిప్పుకోవాలి. కుర్చీలో కూర్చుని దీపం పెడతానంటే మా అత్తగారు మొహం ముడుచుకున్నారు. రెండ్రోజులు పోయాక ఆవిడే దేవుడి పటాల్ని బల్లమీదికి ఎక్కించేరు.

ఇక బట్టల సంగతి. రాత్రే అన్నీ నడుమెత్తు బల్లమీద పెట్టించుకోండి, బీరువా అడుగు అరలో వెతక్కండి. తడికాళ్ళతో, ఒంటికాలిమీద నిలబడి ఏదీ తొడుక్కోవద్దు. లోపలి బట్టలు మంచంమీద వెల్లకిలా పడుకుని, మోకాళ్ళు మడిచి వేసుకోవచ్చు. నొప్పికాలు ముందు దూర్చాలి, విప్పేటప్పుడు ఆ కాలే ఆఖర్న తియ్యాలి. లంగా కాళ్ళనుంచి కాదు, తలమీంచి వేసుకోండి. బొందు కుట్టుమీద బిగియకుండా చూసుకోండి. మొదటివారాల్లో నైటీయే సుఖం. చీరే కట్టాలంటే పట్టు వద్దు, మెత్తటి నూలుచీర మేలు. అంచు కాలికింద పడకుండా రెండు వేళ్ళు ఎత్తి కట్టండి. కుచ్చిళ్ళు నిలబడే పెట్టి దోపుకోండి, కింద సవరించడం మాత్రం ఇంకొకరి పని. మావారు మొదట్లో తలుపేసి మరీ సవరించేవారు. తర్వాత మా అమ్మాయికంటే ఆయనకే బాగా కుదిరేవి! చెప్పులు వెనక పట్టీ ఉన్నవి, జారనివి తొడుక్కోవాలి. పట్టీ పెట్టడానికి కూడా వంగకూడదు సుమా, ఎవరిచేతనైనా పెట్టించుకోండి.

ఎన్నాళ్ళిలా అంటే, ఆపరేషన్‌ని బట్టి ఉంటుంది. స్క్రూలు, రాడ్లు వేసినవాళ్ళకి గడువు ఎక్కువే. మీ డాక్టరుగారినే అడగండి. కాలు పట్టు తప్పినా, తొడల మధ్య స్పర్శ పోయినా, మూత్రం ఆగిపోయినా, తెలియకుండా పడిపోయినా, జ్వరమొచ్చి కుట్టు దగ్గర రసి కారినా తెల్లారేదాకా ఆగకుండా ఆస్పత్రికి వెళ్ళాలి.

మా వీధి ఆవిడకి వచ్చేనెల తమ్ముడి గృహప్రవేశం ఉందిట. డాక్టరుగారు సరేనంటే వెళ్తుంది. ఆ పొద్దున్న నేనే వచ్చి కుచ్చిళ్ళు సవరిస్తానని మాటిచ్చి వచ్చేను.