మద్దెల నిజముగా నోడైనచో



ఆడలేనివాడు మద్దెల యోడన్నాడను సామెత నెఱుగనివారు మన పల్లెలలో లేరు. సంగీతము నేర్చు పిల్లవాడు తన వాద్యము బాగుగా లేదనగనే యీ సామెతతో వాని నోరు మూయుట మనకు వాడుక. అయితే మద్దెల నిజముగనే యోడైనచో నేమి చేయవలెను? నేడు మీతో ముచ్చటింపదలచిన విషయ మిదియే.

మా పెద్దతిప్పసముద్రపు సీమ మెట్టసీమ. వేరుసెనగ వలనను టమాటా వలనను వచ్చు రూక చేతికందక మునుపే పది ఖర్చులు దానికై కాచుకొనియుండును. ఇట్టి కాపువారింట నొక బాలుడు రెండేండ్లుగా చవుకరకము మాండలిన్ మీద నభ్యాసము చేయుచు భజనలలో వాయించుచున్నాడు. ఒక పంటకు మంచి ధర పలికినది. మేలైన వాద్యము కొనుమని బాలుడు కోరెను. బోరుబావి మోటారు చెడియున్నదని తండ్రి చెప్పెను. ఇద్దఱును నన్ను సలహా యడిగిరి.

మాండలిన్ ఇటలీదేశపు వాద్యము. దానికి సాధారణముగా నాలుగు జంటల తీగలు, అనగా నెనిమిది తీగలుండును. మీటిన నాదము త్వరగా నణగిపోవును. జంట తీగలను గూర్చి లాగవలసియుండుటచే గమకము పలుకుట కష్టము. ఇట్టి వాద్యమును కచేరీ వేదిక నెక్కించినవాడు మన తెలుగువాడే. ఉప్పలపు శ్రీనివాస్ 1969లో పాలకొల్లున జన్మించెను. ఆఱేండ్ల ప్రాయమున తండ్రిగారి మాండలిన్‌నే చేపట్టెను. గురువు రుద్రరాజు సుబ్బరాజుగారు పాడి వినిపింపగా, విన్నదానిని తీగలపై పలికించి నేర్చెను. 1978లో గుడివాడ త్యాగరాజోత్సవములలో కచేరీ చేసెను. జంటలను విడిచి, అయిదు ఒంటితీగల విద్యుత్ మాండలిన్‌ను వాడుకలోనికి దెచ్చెను. 1998లో పద్మశ్రీ నందెను. 2014లో చెన్నపట్టణమున గతించెను. ఆయన చేసిన మార్పు సొగసుకొఱకు గాదు. రాగమున కక్కఱయైన మార్పు.

కావున నేను తండ్రితో, వాద్యమును ముందుగా పరీక్షింపుమంటిని. తుప్పుపట్టిన తీగలు తీసి క్రొత్తవి వేయవలెను. పిమ్మట గుఱ్ఱమును చూడవలెను. మాండలిన్ గుఱ్ఱము జిగురుతో నతికినది కాదు. తీగల యొత్తిడిచే నిలుచును, కావున జరుగుచుండును. పండ్రెండవ మెట్టుపై నొక్కి మీటినచో, విడితీగ పలికిన స్వరమే పైస్థాయిలో పలుకవలెను. పలుకనిచో గుఱ్ఱమును కొంచెము జరిపి సరిచేయవచ్చును. తీగలు మెట్లపై మిక్కిలి యెత్తుగా నున్నచో వ్రేళ్లు నొచ్చును. దానిని తగ్గించుట తెలిసినవానికి చిన్నపని. ఇవి యన్నియు జరిగిన తరువాత అనుభవముగల వాద్యకునిచే వాయింపింపవలెను. ఆయన చేతిలో చక్కగా పలికినచో లోపము సాధనలోనిది. ఆయన చేతిలోను తప్పిపలికినచో వాద్యములోనిది.

అట్లే చేసితిమి. గుఱ్ఱము సరిచేయగా క్రింది మెట్లపై సగము దోషము తీఱినది. బాలుడే యది చూచి యాశ్చర్యపడెను. కాని మెడ వంగియుండుటచే పైమెట్లపై తీగ గరగరలాడెను. బిరడలు జాఱుచుండుటచే నొక పాట ముగియకముందే శ్రుతి దిగెను. ఆ వచ్చిన వాద్యకుని చేతను నంతే.

అప్పుడు నే నిట్లంటిని: "పంట బ్రదుకుదెరువు, మోటారు ముందు. కాని వాద్యమును మఱి రెండేండ్లు వాయిదా వేయకుము. అపశ్రుతి కలవాటుపడిన చెవిని తరువాత మరలించుట కష్టము. నడితరపు ధరలోనిది చాలును. చెక్కడములకును మెఱుగులకును డబ్బీయకుము. మెడ తిన్ననిదై, బిరడలు బిగువై, మెట్లన్నిటను స్వరము సరిగా పలుకవలెను. వాయించి చూచినగాని కొనకుము."

తండ్రి మోటారు బాగుచేయించి, మిగిలినదానితో నట్టిదానినే కొనెను. బాలుడు కోరిన నగిషీ దానికి లేదు. మొదట వాని మొగము చిన్నబోయినది. శ్రుతిచేసిన పిదప నా మాటే యెత్తలేదు.

మీ యూళ్లలో హార్మోనియము, తబలా, వాయులీనము నేర్చు పిల్లలుందురు. వారు వాద్యముపై నేరము చెప్పినప్పుడు వెంటనే కొనుటయు వలదు, వెంటనే గద్దించుటయు వలదు. తెలిసినవానిని పిలిపించి యొకగంట పరీక్ష చేయింపుడు. సామెత చెప్పవలసివచ్చినచో నటుపిమ్మట చెప్పవచ్చును.