ఛాతీలోకి చేరిన పేగు – స్కానింగ్ గదిలో మన హక్కు



స్కానింగ్ మీద మనం చాలా సభలు పెట్టాం. దాదాపు అన్నీ ఆడపిల్లను కడుపులోనే చంపడం గురించే. ఇవాళ అదే యంత్రం గురించి వేరే సంగతి చెప్తాను.

హెర్నియా అనగానే గజ్జల్లో పేగు జారడమే గుర్తొస్తుంది. ఛాతీలోనూ వస్తుంది. ఛాతీకీ పొట్టకీ మధ్య డయాఫ్రం అనే కండర పొర అడ్డుంటుంది. పిండంలో అది మూడో నెల నిండేలోపు మూసుకోవాలి. మూసుకోకపోతే జీర్ణాశయం, పేగులు పైకి చేరి ఊపిరితిత్తుల్ని ఎదగనివ్వవు. సుమారు 3000 కాన్పుల్లో ఒకరికి వస్తుంది. ఏడో నెలలో పట్టిన గ్రహణానికి దీనితో ఏ సంబంధమూ లేదని అత్తగార్లకి చెప్పండి.

అయిదో నెల స్కానింగులో, అదే టిఫాలో, గుండె పక్కనే నల్లగా జీర్ణాశయం కనిపిస్తుంది. గుండె కుడికి జరిగి ఉంటుంది. ఎక్కువగా ఇది ఎడమవైపే వస్తుంది. కుడివైపుదైతే పట్టుకోవడం కష్టం, పైకి జారిన కాలేయం ఊపిరితిత్తిలాగే ఉంటుంది. అందుకే 'అంతా బాగుంది' అని రిపోర్టు ఉన్నా, పుట్టిన బిడ్డ ఆయాసపడితే ఎక్స్‌రే తీయించాలి. ఛాతీలోని పేగుల్ని న్యుమోనియా అనో నీరు చేరిందనో పొరబడి పక్కటెముకల మధ్య గొట్టం వేస్తే పేగుకి చిల్లు పడొచ్చు. ముక్కులోంచి జీర్ణాశయానికి సన్నని గొట్టం పంపి మళ్ళీ ఎక్స్‌రే తీస్తే దాని కొస ఛాతీలో కనిపించవచ్చు. దీనికి పెద్ద యంత్రం అక్కర్లేదు.

నేను స్కానింగ్ చేస్తుంటాను. లోపం కనపడగానే "ఆమెను బయటికి పంపి మాకు చెప్పండి" అంటారు ఇంట్లోవాళ్ళు. నేను పంపను. 1994 చట్టం ఆపింది ఆడా మగా చెప్పడాన్ని. పుట్టుకలోపాల్ని వెదకడాన్నీ, చెప్పడాన్నీ కాదు. ఆ చట్టం పేరు చెప్పి నోరు మూసుకునే సెంటర్లని నిలదీయాలి.

2021 సవరణ తర్వాత ఇలాంటి లోపాలున్నప్పుడు 24 వారాల వరకు ఇద్దరు డాక్టర్ల అభిప్రాయంతో గర్భస్రావం చేయించుకోవచ్చు. ఆ పైన తీవ్రమైన లోపమైతే మెడికల్ బోర్డు నిర్ణయిస్తుంది. 18 ఏళ్ళు నిండితే ఆమె సంతకం చాలు, భర్తది అక్కర్లేదు.

ఉంచుకుంటానంటే అదీ ఆమె ఇష్టమే. ఆపరేషన్‌తో బతికే పిల్లలు చాలామంది ఉన్నారు. అయితే వెంటిలేటరూ, పిల్లల సర్జన్లూ ఉన్నచోట, హైదరాబాదు నిలోఫర్ లాంటి చోటికి దగ్గర్లో, కాన్పు జరగాలి. పుట్టాక అంబులెన్సులో తరలించడం కన్నా కడుపులో ఉండగానే చేర్చడం మేలు. అందుకే రిపోర్టు ఆమె చేతికే రావాలి, అదీ అయిదో నెలలోనే.