ఆరంగులో తెలుగు తెర

ప్రాచీన జైనాలయమునకు పేరుగాంచిన ఆరంగులో మా కాపురము. హిందీ రాని మా అమ్మగారికి సాయంకాలపు తోడు స్మార్ట్ టెలివిజనే. అది మాటిమాటికి ఇంటర్నెట్టు కోల్పోవుచుండగా, నల్లని తెర యెదుట ఊరక కూర్చుండెడివారు. క్రొత్తది కొనదలచితిని. దోషము దానిది కాదు. రౌటరు చెంత చక్కగా పనిచేసిన ఫోను, టెలివిజను ప్రక్కన తడబడెను. 5 గిగాహెర్ట్జ్ తరంగములు వేగము గలవే గాని, గోడలు దాటుటలో 2.4 కంటె బలహీనములు. 2.4కు మార్చితిని, కొంత మేలు. మైక్రోవేవ్ పొయ్యియు ఆ ప్రాంతమందే పనిచేయును గనుక, అన్నము వెచ్చజేసినపుడెల్ల బొమ్మ నిలిచెడిది! (కనిపెట్టినది నా శ్రీమతి.) తుదకు రౌటరునుండి ఈథర్నెట్ తీగ లాగితిని. గుమ్మమున కాలికి తగులుచున్నదని అమ్మగారు సణుగుచునే, ఏడు గంటలకెల్ల కుర్చీ జరుపుకొనుచున్నారు.