నిప్పు బయట, వేడి లోపల: చలికి పొయ్యి కొనే ముందు ఇది వినండి

ఈరోజు ఎపిసోడ్ పెనుకొండ పక్కన ఎర్రమంచి నుంచి. అవును, కియా ఫ్యాక్టరీ ఉండే ఎర్రమంచే. టాపిక్ ఏమంటే, చలికాలంలో ఇంటికి వేడి. "మన ఎండలకి వేడి టాపిక్ ఏంది బ్రో" అని నవ్వుకుంటారు, తెలుసు. డిసెంబర్, జనవరిలో తెల్లవారుజామున ఇక్కడికి వచ్చి చూడండి. 15, 16 డిగ్రీలకు దిగుతుంది. మనకైతే ఒక స్వెట్టర్ చాలు. 70 దాటిన మా అవ్వకు చాలదు.

ముందు నేను చేసిన తప్పు చెప్తా. బెంగళూరులో సాఫ్ట్‌వేర్ జాబ్ మానేసి ఇంటికొచ్చిన మొదటి చలికాలం అది. విదేశాల వీడియోలు చూసి మల్టీఫ్యూయల్ స్టవ్ పిచ్చి పట్టింది. కట్టెలైనా బొగ్గైనా కాలే ఇనప పొయ్యి, ముందర అద్దం తలుపు, పైన పొగ గొట్టం. ధర చూసి వెనక్కి తగ్గినా. బీటెక్ చదివినాం కదా, మనమే ఏదో చేద్దాం అని ఒక ఇనప బాండ్లిలో నిప్పులు పోసి అవ్వ గదిలో పెట్టినా. పొగ రావడం లేదు కదా, ఇంకేం భయం అనుకున్నా. కిటికీ, తలుపు మూసేసి నేనూ అక్కడే పడుకున్నా.

నాలుగింటికి మా అమ్మ పాలు పిండడానికి లేచి, అవ్వ ఎట్లుందో చూద్దామని తలుపు తీసింది. నాకు తల పగిలిపోతోంది, వాంతి వస్తోంది. అవ్వ పిలిస్తే పలకడం లేదు. ఇద్దరం కలిసి బయటికి మోసుకొచ్చినాం. గాలి తగిలిన కాసేపటికి కళ్ళు తెరిచింది. ఆస్పత్రిలో ఆక్సిజన్ పెట్టినారు. డాక్టర్ అడిగింది ఒకటే మాట: "గదిలో నిప్పులు పెట్టినారా?"

అది కార్బన్ మోనాక్సైడ్. రంగు లేదు, వాసన లేదు. మన రక్తంలో హిమోగ్లోబిన్‌ను ఆక్సిజన్ కన్నా 200 రెట్లకు పైగా గట్టిగా పట్టుకుంటుంది. పొగ లేని నిప్పే ఎక్కువ మోసం చేస్తుంది, ఎందుకంటే దగ్గు రాదు, నిద్ర మాత్రం వస్తుంది. ఢిల్లీ వైపు ప్రతి చలికాలం మూసిన గదుల్లో బొగ్గుల కుంపటి పెట్టుకుని చనిపోయినవాళ్ళ వార్తలు వస్తూనే ఉంటాయి. ఎర్రమంచి, పెనుకొండలో అద్దె గదుల్లో నలుగురైదుగురు కలిసి ఉండే తమ్ముళ్ళూ, ఈ మాట మీకే చెప్తున్నా.

మరి వేడి ఎట్లా? ఇక్కడ కొరియా వాళ్ళ కథ ఒకటి ఉంది. వాళ్ళ పాత ఇళ్ళలో ఒండోల్ అనే పద్ధతి. వంటింటి పొయ్యి పొగను రాతి నేల కిందుగా పంపించి, నేలనే వెచ్చగా చేసేవాళ్ళు. తర్వాత కట్టెల బదులు రంధ్రాల బొగ్గు దిమ్మలు వచ్చినాయి. నేల పగుళ్ళలోంచి ఇదే గ్యాస్ గదిలోకి ఎక్కి ఎంతోమంది చనిపోయినారు. ఇప్పుడు నేల కింద పైపుల్లో వేడి నీళ్ళు తిరుగుతాయి. మంట ఒక చోట, మనుషులు ఇంకో చోట. మనం నేర్చుకోవాల్సింది అదే: నిప్పు బయట ఉండాలి, లోపలికి వేడి నీళ్ళు రావాలి.

అందుకే మన ఊళ్ళకు కావాల్సింది గది వేడి చేసే స్టవ్ కాదు, పెరట్లో మంచి నీళ్ళ పొయ్యి. లెక్క చూడండి. 20 లీటర్ల బకెట్‌ను 20 డిగ్రీలు పెంచడానికి కరెంటు అయితే దాదాపు అర యూనిట్. గ్యాస్ పొయ్యి మీద 60, 70 గ్రాములు. ఇంట్లో ఐదుగురు ఉంటే 14.2 కిలోల సిలిండర్ స్నానాలకే 40 రోజుల్లో అయిపోతుంది. దీపం-2లో ఏడాదికి వచ్చే మూడు ఉచిత సిలిండర్లు నాలుగు నెలలకే ఖాళీ. మూడు రాళ్ళ పొయ్యిలో అదే బకెట్‌కు కిలో దాకా కట్టెలు పోతాయి. చుట్టూ మూసి, కింద గాలికి దారి పెట్టిన పొయ్యిలో సగం చాలు.

పొయ్యి కొనేటప్పుడు యాడ్ చూడొద్దు, మీ పెరట్లో ఏముందో చూడండి. మల్బరీ పుల్లలు, కంది కట్టె, కంప కట్టె ఉంటే కట్టెల పొయ్యి. కట్టెలు బూడిద మీద కూడా బాగా మండుతాయి, గాలి పైనుంచి కావాలి. బొగ్గుకు గాలి కిందనుంచి రావాలి, అందుకే ఇనప జల్లెడ ఉండాలి, బూడిద ఎప్పటికప్పుడు దులపాలి. రెండూ కాల్చాలంటే గాలి తలుపులు పైనా కిందా వేరువేరుగా ఉన్నదే తీసుకోండి. మల్టీఫ్యూయల్ అంటే అసలు అర్థం ఇదే. శెనక్కాయ పొట్టు ఎక్కువుంటే మన పాత పొట్టు పొయ్యే మేలు. పొట్టు నలగ్గొట్టి, డబ్బా మధ్యలో కర్ర నిలబెట్టి, చుట్టూ గట్టిగా దట్టించి, కర్ర లాగేసి కిందనుంచి అంటించడమే.

ఏది కాల్చినా బాగా ఎండి ఉండాలి. ఇంగ్లండులో 2021 మే నుంచి తడి కట్టెలను చిన్న మోపులుగా అమ్మడమే ఆపేసినారు, తేమ 20 శాతం దాటకూడదు. పచ్చి కట్టె వేస్తే కొంత వేడి నీళ్ళు ఆవిరి చేయడానికే పోతుంది, పొగ కూడా ఎక్కువ. పొగ గొట్టం ఇంటి కప్పు దాటి పైకి పోవాలి, మసి దులుపుతూ ఉండాలి. గ్యాస్ గీజర్ ఉన్నవాళ్ళు కూడా వినండి, దాన్ని స్నానాల గది లోపల పెట్టొద్దు. అక్కడా ఇదే గ్యాస్.

మా ఇంట్లో ఇప్పుడు పెరట్లో కట్టెల పొయ్యి, దాని మీద అండా. రాత్రి పడుకునే ముందు రబ్బరు బ్యాగులో వేడి నీళ్ళు నింపి, గుడ్డ చుట్టి అవ్వ కాళ్ళ దగ్గర పెడతా. పోయిన వారం అడిగింది, "ఏమిరా అబ్బీ, దీంట్లో నిప్పులేమీ లేవు కదా?" అని. లేవవ్వా అని చెప్పినా. అయినా తలుపు కొంచెం తెరిచే పెట్టమంటుంది. పెడతా.

మీ ఇంట్లో పెద్దవాళ్ళ గదిలో ఈ రాత్రి కుంపటి ఉంటే, వీడియో ఆపేసి ముందు దాన్ని బయట పెట్టి రండి. మళ్ళీ కలుద్దాం, ఉంటా.