పాలరాపు గుట్ట రాబందు

 

ఇవాళ నిర్మల్‌లో పట్టాలు అందుకున్న మీకు మన పక్షి ఒకదాని గురించి చెప్పాలనుకున్నాను. మన పాత ఆదిలాబాద్ జిల్లాలోనే, బెజ్జూరు అడవిలో, పెద్దవాగు ప్రాణహితలో కలిసే చోటికి దగ్గర్లో పాలరాపు గుట్ట ఉంది. 2013లో ఆ గుట్ట చరియల్లో పొడుగు ముక్కు రాబందులు కనిపించాయి. అప్పటికే దేశంలో ఈ జాతి 97 శాతం తుడిచిపెట్టుకుపోయింది.

రాబందు అనగానే మొహం తిప్పుకుంటాం. ఒకసారి దగ్గరగా చూడండి. మెడ దాదాపు బోడిగా, నల్లగా ఉంటుంది. మెడ మొదట్లో తెల్లటి నూగు పట్టీ. కళేబరంలోకి తల పెట్టి తినే పక్షికి తల నిండా ఈకలుంటే నెత్తురు అంటి గడ్డకడుతుంది. ఎండలో ఒంటి వేడి తగ్గేదీ ఆ బోడి చర్మం నుంచే. ఆడా మగా చూడ్డానికి ఒకేలా ఉంటాయి.

చలికాలం మొదలవగానే జంటలు చరియల అరల్లో పుల్లలు పేర్చి, ఆకులు పరుస్తాయి. ఏడాదికి ఒక్కటే గుడ్డు. తల్లీ తండ్రీ వంతులు వేసుకుని సుమారు 50 రోజులు పొదుగుతాయి. పిల్ల ఎగరడానికి ఇంకో మూడు నెలల పైనే పడుతుంది. అది మళ్లీ గూడు కట్టే ఈడుకు రావాలంటే ఐదేళ్లు. గూటి కింద రాతి మీద రెట్టల తెల్లచారలు దిగి ఉంటాయి. దూరం నుంచి గూటిని పట్టిచ్చేవి అవే.

ఇంత నిదానంగా పెరిగే జాతిని డైక్లోఫెనాక్ కూల్చేసింది. గొడ్డు నొప్పి తగ్గాలని వేసిన సూది అది. ఆ గొడ్డు చచ్చిపోతే, దాన్ని తిన్న రాబందుకు మూత్రపిండాలు చెడతాయి. లోపలి అవయవాల మీద యూరిక్ ఆమ్లం తెల్లగా పేరుకుంటుంది. రోజుల్లోనే ప్రాణం పోతుంది. నూటికి ఒక్క కళేబరం కంటే తక్కువలో ఆ మందు ఉన్నా ఇంత పతనానికి చాలునని 2004లో శాస్త్రవేత్తలు లెక్కగట్టారు. ఏటా పది గుడ్లు పెట్టే పక్షి అయితే కోలుకునేదేమో. ఒక్క గుడ్డు పెట్టేది ఎలా కోలుకుంటుంది?

పశువులకు ఆ మందును 2006లో నిషేధించారు. గొడ్డు ఒంట్లో డైక్లోఫెనాక్‌గా మారే ఎసిక్లోఫెనాక్‌ను ఆపడానికి 2023 దాకా పట్టింది. రాబందుకు హాని చేయని మెలాక్సికామ్ ఉంది. మీలో పశువైద్యం వైపు, మందుల దుకాణాల వైపు వెళ్లేవాళ్లు రైతుకు అదే ఇవ్వండి, ఎందుకో కూడా చెప్పండి. జంతుశాస్త్రం చదివినవాళ్లు అటవీ శాఖ అనుమతి తీసుకుని చలికాలంలో బెజ్జూరు వెళ్లండి. చరియకు దూరంగా కూర్చుని, ఏ గూట్లో పొదుగుతున్నాయో, పిల్ల ఎప్పుడు ఎగిరిందో తేదీలతో సహా రాసిపెట్టండి. గూడు ఖాళీగా ఉంటే ఖాళీ అనే రాయండి, ఆ లెక్కా కావాలి.