పంచాయతీ ట్రాక్టరు – వేఱొక యేటి ఇంజను
(గ్రామ పంచాయతీ సభ్యుల సమావేశమున చేసిన ప్రసంగ పాఠము)



నేడు గ్రామమున చెత్త నెత్తుటకును, మొక్కలకు నీరు పోయుటకును ట్రాక్టరే ఆధారము. తెలంగాణములో 2019లో ఆరంభమైన పల్లె ప్రగతి కార్యక్రమము క్రింద పంచాయతీలకు ట్రాక్టరు, ట్రాలీ, ట్యాంకరు సమకూడినవి. అట్టి బండి ఇంజను పట్టివేసిననాడు, “అదే కంపెనీ, అదే పేరు; సంవత్సరము మాత్రమే వేఱు. చౌకగా దొరికినది, బిగింతము” అను సలహా వినవచ్చును. దానిని త్రోసివేయుడని మేము చెప్పము. పరీక్షించి స్వీకరింపుడని కోరుచున్నాము.

మా పర్యటనలలో ఒక గ్రామమున వేపచెట్టు క్రింద కదలక నిలిచిన ట్రాక్టరును చూచితిమి. కొనితెచ్చిన ఇంజను గేరుబాక్సుతో కలియలేదు. పాత ఇంజనును అప్పటికే తుక్కు క్రింద అమ్మివేసిరి!

జీపునందు ఇంజను చట్రముపై కూర్చుండును. పెక్కు ట్రాక్టర్లకు వేఱుగా చట్రము లేదు. ముందు ఇరుసు ఇంజనుకును, ఇంజను గేరుబాక్సుకును బోల్టులతో బిగింపబడును. ఇంజనే బండికి వెన్నెముక. కావున కలియని చోట క్రొత్త రంధ్రములు తొలిచి సరిపెట్టుట ప్రమాదకరము.

రంధ్రములు కలిసినను పరీక్ష ముగియలేదు. ఫ్లైవీలు, క్లచ్చి, స్టార్టరు స్థానము, హైడ్రాలిక్ పంపు బిగింపు ఒక నమూనా నుండి మఱొక నమూనాకు మారవచ్చును. ఇంజను వేగము భిన్నమైనచో, నిమిషమునకు 540 చుట్లు తిరుగవలసిన పి.టి.ఓ. షాఫ్టు లెక్క తప్పును. 2023 జనవరి 1 నుండి 50 హార్సుపవరు మించిన ట్రాక్టర్లకు ట్రెమ్ స్టేజి 4 పొగ నిబంధనలు వచ్చినవి. ఎలక్ట్రానిక్ పద్ధతిని నడచు ఇంజనును పాత బండికి పెట్టవలెనన్న, దాని సెన్సార్లు, తీగెలు, కంప్యూటరు పెట్టె యన్నియు వెంట రావలసినదే.

చట్టము మాటయు కలదు. 1988 నాటి మోటారు వాహనముల చట్టము 52వ సెక్షను ప్రకారము రిజిస్ట్రేషను పత్రములోని వివరములు తయారీదారు నిర్దేశించిన వానికి భిన్నము కాకుండవలెను. కావున ముందే రవాణా కార్యాలయమును సంప్రదించి, అనుమతి పొంది, క్రొత్త ఇంజను సంఖ్యను పత్రములోను, బీమా పాలసీలోను వ్రాయించుకొనవలెను. ఆ సంఖ్యలు కలియనిచో ప్రమాదము జరిగిననాడు పరిహారమునకై వివాదము తలెత్తును. అప్పుడు డ్రైవరు కుటుంబమునకు జవాబు చెప్పవలసినది మెకానిక్కు గాదు, మనమే.

కనుక మొదట పాత ఇంజనును విప్పించి చూడుడు. లైనర్లు, పిస్టన్లు మార్చి, క్రాంకుషాఫ్టు సానపట్టించిన సరిపోవునేమో లెక్క వేయుడు. తప్పనిచో రెండు ఇంజన్ల విడిభాగముల సంఖ్యలను పట్టికతో పోల్చుడు. అమ్మినవానినుండి ఇంజను సంఖ్య వ్రాసిన రసీదు పుచ్చుకొనుడు. క్రొత్తది పొలములో నడచువఱకు పాతదానిని విడువకుడు. ఖర్చును సభలో తీర్మానించి నమోదు చేయుడు.

రంగు పూసిన పాత ఇంజను పైన పటారము, లోన లొటారము కావచ్చును. ఊరి సొమ్మును మన యింటి సొమ్మువలె చూచుకొందము.