చదువుకున్న అమ్మాయికి అక్షరాలు రాని ఊరు



మీరంతా పెద్దయ్యాక అక్షరాలు దిద్దుకున్నారు. బస్సు బోర్డు చదవలేక పక్కవాళ్ళని అడిగిన రోజులు మీకు గుర్తే. అడగడానికి సిగ్గుపడి ఊరుకున్న రోజులూ గుర్తే. ఆ సిగ్గు మీ ఒక్కరిదే అనుకోకండి. పెద్ద చదువులు చదివినవాళ్ళకీ అది తప్పదు. ఎలాగో వినండి.

తైవాన్ అని ఒక దీవి ఉంది. చైనాకు తూర్పున, సముద్రంలో ఉంది. అక్కడి రాజధాని తైపే. జనం మాట్లాడేది చైనీసు భాష. మనకు పొద్దున్న 6 గంటలైతే అక్కడ ఎనిమిదిన్నర. మన దేశం నుంచి పిల్లలు అక్కడికి చదువుకోడానికి వెళ్తున్నారు. ఒక తెలుగు అమ్మాయి అలా వెళ్ళిందనుకోండి. ఆమెకు తెలుగు వచ్చు, ఇంగ్లీషు వచ్చు. రెండు డిగ్రీలున్నాయి. కానీ తైపే వీధిలో ఒక్క బోర్డూ చదవలేకపోయింది.

మొదటి కష్టం తిండి దగ్గర వచ్చింది. ఆమె మాంసం తినదు. హోటలు గోడ నిండా రాతే. ఏది కూరో, ఏది మాంసమో తెలియదు. అడిగితే నవ్వుతారేమోనని భయం. రెండు రాత్రులు బిస్కెట్లు తిని పడుకుంది. మూడో రోజు ఆకలికి ఆగలేక ఒక చిన్న హోటలుకి వెళ్ళింది. మాంసం వైపు చూపించి, వద్దని చెయ్యి ఊపింది. హోటలామె నవ్వలేదు. కాగితం మీద ఒక అక్షరం రాసిచ్చింది. దాన్ని “సు” అంటారు. శాకాహారం అని అర్థం. అక్కడ బౌద్ధులలో చాలామంది మాంసం మానేస్తారు. కొందరు ఉల్లి, వెల్లుల్లి కూడా తినరు. వాళ్ళ కోసం పెట్టిన హోటళ్ళ మీద ఆ అక్షరం ఉంటుంది. అమ్మాయి కాగితం పట్టుకుని నడిస్తే రెండో సందులోనే అది కనిపించింది. ఆ బోర్డు నిన్నా అక్కడే ఉంది. నిన్న అవి ఉత్త గీతలు. ఇవాళ అన్నం పెట్టాయి.

తర్వాత సంతలో జామకాయలు కొనబోయింది. వాళ్ళ మాటల్లో “మై” అని ఒకటి ఉంది. గొంతు దించి మళ్ళీ లేపితే కొనడం. ఒక్కసారిగా దించితే అమ్మడం. అమ్మాయి “జామకాయలు అమ్ముతాను” అనేసింది. బండి ఆమె పకపకా నవ్వింది. అయినా ఆ మాట మూడుసార్లు పలికించింది. ధర చెప్పడానికి బొటనవేలు, చిటికెనవేలు చాపింది. అమ్మాయి రెండు అనుకుని 20 డాలర్లు తీసింది. అక్కడ ఆ సైగకు ఆరు అని అర్థం. ధర 60 తైవాన్ డాలర్లు!

సాయంత్రం వీధిలో పాట వినిపించింది. ఐస్ బండి అనుకుని డబ్బులు పట్టుకుని దిగింది. తీరా చూస్తే చెత్త లారీ! అక్కడ లారీ పాట పెట్టుకుని వస్తుంది. జనమే సంచులు తెచ్చి అందులో వేస్తారు. 2000 సంవత్సరం నుంచి తైపేలో చెత్తకు ప్రత్యేకమైన సంచి కొనుక్కోవాలి. తొక్కులూ, మిగిలిన అన్నమూ వేరుగా ఇవ్వాలి. మర్నాడు ఆమె మామూలు సంచి తెస్తే పనివాడు వద్దన్నాడు. పక్కింటి పెద్దావిడ తన సంచి ఒకటి ఇచ్చింది. ఆమెను “ఆయీ” అని పిలవాలి. అంటే పిన్ని. మనలాగే అక్కడా పరాయి ఆడవాళ్ళని వరస పెట్టి పిలుస్తారు. “తిన్నావా?” అని పలకరిస్తారు. టీని “చా” అంటారు. మన చాయ్ ఆ మాట నుంచి వచ్చిందే.

ఆ పిన్ని దగ్గరే అమ్మాయి అక్షరాలు మొదలుపెట్టింది. ఒక గీత గీస్తే ఒకటి. రెండు గీస్తే రెండు. నలుచదరం గీస్తే నోరు. ఆడమనిషి అక్షరం పక్కన బిడ్డ అక్షరం రాస్తే “మంచి”. మనకు 56 అక్షరాలు. అక్కడ పత్రిక చదవాలంటే రెండు వేలకు పైగా రావాలి. ఆమెకింకా పత్రిక చదవడం రాదు. స్టేషన్‌లో బయటికి పోయే దారి చదువుతుంది. రానివి అడుగుతుంది.

అక్కలారా, మన ఇటుక బట్టీలకు ఒడిషా నుంచి ఆడవాళ్ళు వస్తారు. తెలుగు బోర్డు వాళ్ళకు గీతలే. ఆస్పత్రి దగ్గర అలాంటామె చీటీ పట్టుకుని నిలబడితే, ఆమె అడిగేదాకా ఆగకండి. చీటీ తీసుకుని చదవండి. ఇప్పుడు మీకు చదవడం వచ్చు.